ఇయ్యాల ఎవల బువ్వ?

రఘుపతి అయ్యవారికి పేరు తెచ్చింది ఆయన నేర్చిన మంత్రాలు కాదు, ఆయన పెళ్లాం పెంచిన కాకి. ఈ మాట ఎవరైనా ముఖం మీద అంటే ఆయనకు కోపం వచ్చేది. అబద్ధమని మాత్రం ఎన్నడూ అనలేదు.

మోత్కూరు నుంచి మూడు కోసులు నడిస్తే వచ్చే ఆ ఊళ్లోనూ, చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనూ కాపుల ఇళ్లలో, గొల్లల ఇళ్లలో ఎవరు పోయినా కర్మ చేయించేది ఆయనే. మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, వాగు ఒడ్డున మోదుగాకు విస్తరిలో వడ్డించి, అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి మనసు నిండినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆ కోరికేమిటో ఊహించి, తీరుస్తామని ఒప్పుకోవాలి. కాకి ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టరాదు. ఎండ నెత్తిమీదికొస్తుంది, పిల్లలు ఆకలికి ఏడుస్తారు, అన్నదమ్ములు చచ్చినవాడిని వదిలేసి గెట్టు తగాదా మొదలుపెడతారు. కాకులకేమో మనుషుల బాధ పట్టదు. పక్క చేలో మిడతల కోసం పోతాయి.

రజాకార్ల గడబిడ చల్లారిన ఏడాది గాలివానకు చింతచెట్టు మీది గూడు చెదిరి ఒక కాకిపిల్ల వాళ్ల పెరట్లో పడింది. పిల్లి దాని ఎడమకాలి వేలొకటి కొరికేసింది. నర్సింగమ్మ పిల్లిని చీపురుతో తరిమి, ఆ పిల్లను కొంగులో వేసుకొని లోపలికొచ్చింది.

"కాకిని ఇంట్లకు తెస్తవానే? శని గదా!" అని రఘుపతి మొత్తుకున్నాడు.

"శని మనింటికి కొత్తనా? రోజు మనం తినేది సచ్చినోళ్ల బువ్వనే గదా. దీనికి గూడ జర పెడ్తె ఏం బోతది?" అంది ఆమె.

పిల్లలు లేని ఇల్లు అది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ కాకిపిల్ల నర్సింగమ్మకు ముద్దయింది. ఆమె దాన్ని "కొడుకా" అని పిలిచేది. కాకికి తండ్రినని లోకం ముందు ఒప్పుకోలేక రఘుపతి మాత్రం "ఆ పిట్ట" అనేవాడు. రోజూ ఆయన దేవునికి నైవేద్యం పెట్టి గంట కొట్టగానే, ఆమె వంటింటి గడపలో కూర్చుని తన చేత్తో దానికి ముద్ద పెట్టేది. గంట మోగితే ముద్ద వస్తుందన్న చదువు కాకికి ఆ గడపలోనే అబ్బింది. రెక్కలొచ్చాక ఆయన సంచి భుజాన వేసుకొని ఏ ఊరు పోయినా చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ వెనకే వచ్చేది.

అలా వచ్చిన మొదటి రోజుల్లోనే గోపమ్మ పెనిమిటి పోయాడు. గోపమ్మ అప్పటికి ముప్పై దాటని కాపు పిల్ల. మొగుడితో కొట్లాడి మాట బందు పెట్టిన నాడే ఆయనను పాము కరిచింది. మాట్లాడకుండానే పోయాడు. మూడో రోజు పొద్దు నడినెత్తికొచ్చినా కాకి జాడ లేదు. "నా మీద కోపం తోటే పోయిండు అయ్యా" అని గోపమ్మ నేలమీద పడి ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తోచక రఘుపతి గంట తీసి వాయించాడు. చింతకొమ్మ మీది నుంచి కాకి సర్రున దిగి విస్తరిలో మూతి పెట్టింది. దాని ఎడమకాలికి వేలొకటి లేదు. ఆయన కళ్లు అప్పుడు మంచివే, చక్కగా చూశాడు. నిజం చెబుదామని నోరు తెరిచాడు కూడా. గోపమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. సగం ఊపిరి సేపు ఆగి, గొంతు మెత్తగా చేసుకొని అన్నాడు:

"మనసు నిండిందమ్మా. నేను మంచిగ చూసిన. ఇగ ఫికరు పడకు."

గోపమ్మ కళ్లు తుడుచుకొని లేచి ఇంటికి పోయింది. ఆ తర్వాత పన్నెండేళ్లు రఘుపతి అదే గంట, అదే మాట, అదే గొంతు. అయ్యవారు పిలిస్తే పిట్ట వాలుతుందని నాలుగు ఊళ్లు చెప్పుకున్నాయి. మోత్కూరులో కళ్లజోడు పెట్టుకొని శ్లోకాలన్నీ తప్పు లేకుండా చదివే పడుచు అయ్యవారు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి, కాకి లేదు. అందుకని ఆయనను పిలిచేవాళ్లు తక్కువ.

"సచ్చినోళ్ల మనసు నా కొడుక్కి ఎట్ల తెలుస్తదయ్యా?" అని నర్సింగమ్మ అడిగేది.

"బతికినోళ్ల మనసు కుదుట పడాలె. సచ్చినోళ్ల సంగతి దేవుడు చూసుకుంటడు" అనేవాడు ఆయన. నోరున్నవాడు కదా, దేనికైనా జవాబు ఉంటుంది.

జవాబు లేనిది ఒక్క ప్రశ్నకే. ఆ ఇంట్లో ఉడికే బియ్యమంతా ఎవరో పోతే వాళ్ల పేరు మీద వచ్చిందే. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నర్సింగమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ అడిగేది: "ఇయ్యాల ఎవల బువ్వ?" పటేలు తల్లిదనో, గొల్ల గాలయ్యదనో ఆయన చెప్పేవాడు. ఆ పేరు తలుచుకొని చేతులు జోడించి, అప్పుడు బియ్యం పోసేది. అన్నం పలుకుగా ఉంటే, "గీ ముసల్ది బతికున్నప్పుడు ఎవలకు లొంగలే, ఇప్పుడు నిప్పుకు గూడ లొంగుతలేదు" అనేది. ముద్దయితే, "పాపం, మెత్తటి మనిషి" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ఏటా వరికోతలు మొదలయ్యేసరికి ఆయన దగ్గర జవాబు లేని ఆ మాట అడిగేది.

"ఒక్కపూట సచ్చినోళ్ల పేరు లేని బువ్వ తినాలని ఉందయ్యా. నువ్వు కష్టం చేసి తెచ్చినయి. గుప్పెడైనా సరే."

"అయ్యవారు కొడవలి పడితే ఊరు నవ్వదానే? రేపు చూద్దాం తియ్."

ఆ రేపు నలభై ఏళ్లు సాగింది. ఆయన జుట్టు తెల్లబడింది, పళ్లు ఊడాయి, కళ్లకు పొర కమ్మింది. ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకునే దశకొచ్చాడు. చెట్టు మీది కాకి ఆయన కంటికి నల్లటి మసక. నర్సింగమ్మే ఆయనకు దారి చూపి, అన్నంలో రాళ్లేరి పెట్టేది. తానే ముందు పోతానని ఆయన గట్టిగా అనుకున్నాడు. ఆ లెక్కన తన మూడో రోజుకు కాకి ఎట్లాగూ ఇంట్లోనే ఉంది, ఇబ్బంది లేదని నవ్వేవాడు కూడా.

కార్తీకంలో ఆమెకు జ్వరం తగిలింది. దవాఖానకు తోలుకుపోదామంటే కోతల కాలం, ఊళ్లో ఒక్క బండి ఖాళీ లేదు. మూడో నాటి సాయంత్రం ఆయన గంజి కాచి చెంచాతో పట్టాడు.

"ఇయ్యాల ఎవల బువ్వ?" అంది ఆమె.

"పెద్దులు నాయినది."

పడుకునే చేతులు జోడించింది. "మంచోడు. గొంతుల మెత్తగ దిగుతుండు" అంది. కాసేపటికి, "మనది ఎప్పుడయ్యా?" అంది.

"నువ్వు జర లేసి కూసో. కోతలు పడ్డయ్. రేపు తెస్త."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నమ్మకం లేదు, కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే ఆయన ఎట్లాగో తట్టుకొనేవాడు. తెల్లవారేసరికి నర్సింగమ్మ లేదు.

సొంత పెళ్లానికి తానే కర్మ చేయించరాదు కనుక మోత్కూరు అయ్యవారిని పిలవక తప్పలేదు. మూడో రోజు వాగు ఒడ్డున ఊరంతా చేరింది. రఘుపతి అయ్యవారి ఇంటిదానికి కాకి వాలుతుందా అన్న అనుమానం ఎవరికీ లేదు, పొద్దున్నే నడిచొచ్చి ఆకలితో మాడుతున్న నర్సింగమ్మ తమ్ముడు యాదగిరయ్యకైతే అసలే లేదు. వాలుతుంది, మనమూ తింటామని ఆయన చేతులు కడుక్కొని కూర్చున్నాడు. విస్తరిలో అన్నం, ఆమెకిష్టమైన పచ్చిపులుసు, సొరకాయ కూర పెట్టారు. అన్నం మాత్రం పెద్దులు నాయిన పేరు మీది బియ్యమే. ఇంట్లో వేరేవి లేవు.

రఘుపతి గంట కొట్టాడు. కాకి వచ్చింది. విస్తరికి మూరెడు దూరంలో వాలింది. "వచ్చింది, వచ్చింది" అన్నారు జనం. అది అన్నం వైపు చూడలేదని, మనుషుల వైపు మెడ తిప్పి తిప్పి చూస్తోందని పక్కనున్న గోపమ్మ చెబితే రఘుపతికి తెలిసింది. దానికి ముద్ద పెట్టే చెయ్యి అక్కడ లేదు. ఆయన మళ్లీ గంట కొట్టాడు. కాకి కదలలేదు.

"ఏదో మిగిలింది. ఒప్పుకోండి" అన్నాడు మోత్కూరు అయ్యవారు. పన్నెండేళ్ల ఎదురుచూపు ఆ గొంతులో ఉంది.

యాదగిరయ్య ముందుకొచ్చాడు. "అక్కా, నీ ఇత్తడి బిందె నేను అడుగ. నీ మీద ఒట్టు" అన్నాడు. కాకి ముట్టలేదు. "సరే, పోయిన దసరకు ఎత్తుకపోయిన గంగాళం గూడ వాపసు ఇస్త" అన్నాడు. ముట్టలేదు. ఆయన పెళ్లాం వచ్చి, "ఒదినా, నీ చేతి వంట సప్పగుంటదని నాలుగిండ్లల్ల చెప్పిన. ఇగ చెప్ప" అంది. ఇంకో సమయమైతే రఘుపతికి నవ్వొచ్చేది.

ఆయన వంతు వచ్చింది. ఎంతమందితో ఒప్పించాడో, ఆ మాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. దేవుని గుట్టకు తోలుకుపోలేదు, నీ పేరున గుట్ట మీద దీపం పెడతానన్నాడు. ఊరికే కసిరిన దినాలన్నిటికీ తప్పయిందన్నాడు. అసలు మాట నోటికి రాలేదు. పోయిన మనిషికి చచ్చినవాళ్ల పేరు లేని బువ్వ ఎట్లా తెస్తాడు? చివరికి ఎవరికీ వినబడకుండా, "మన బువ్వ తెస్తనే" అన్నాడు. నలభై ఏళ్ల అలవాటు కదా, వెనకే ఇంకో మాట తోసుకొచ్చింది: "రేపు."

కాకి లేచి ఎగిరిపోయింది.

పొద్దు వాలేదాకా చూశారు. ఇంక లాభం లేదని ఆవును తోలుకొచ్చి పెట్టారు. అది అన్నంతో పాటు విస్తరిని కూడా నమిలింది. ఆనాటి నుంచి ఆ కాకి ఇంటికి రాలేదు.

ఊరు ఊరుకుంటుందా? అయ్యవారి ఇంటిదానికే పిట్ట ముట్టలేదట అని నాలుగు ఊళ్లకూ పాకింది. రఘుపతికి ఆ సిగ్గు అంతగా పట్టలేదు. ఆయనను తినేస్తున్నది వేరే. కాకి నర్సింగమ్మ చెయ్యి లేక బెంగపెట్టుకొని తినలేదా, లేక నర్సింగమ్మే వద్దన్నదా? ఇంకెవరైనా అయితే పిట్ట ముట్టలేదని ఏడ్చి ఊరుకునేవాళ్లు. ఆయన కాకి గుట్టు తెలిసినవాడు. తెలిసినందుకు ఏడవడానికి కూడా ఒక ఆధారం లేకుండా పోయింది. పదో రోజు ఇంకోసారి పిట్టకు పెడతారు. మిగిలింది అదొక్కటే.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన కర్ర పట్టుకొని గోపమ్మ పొలానికి పోయాడు. కోత జరుగుతోంది.

"నాకు పని ఇయ్యి గోపమ్మా. కూలి కింద వడ్లు ఇయ్యి" అన్నాడు.

గోపమ్మ నోరెళ్లబెట్టింది. "నీకు పనేంది అయ్యా? బియ్యం గావాలంటె సంచెడు పంపుత. మా ఇంటాయన పేరు మీద..."

"వద్దు!" అని ఆయన అరిచిన అరుపుకు కోస్తున్నవాళ్లంతా తలెత్తారు. "ఎవల పేరు మీద వద్దు. నేను కోస్త. కోసినకాడికి ఇయ్యి."

"మైలల ఉన్నవు గదా, పంట ముట్టొచ్చునా?" అన్నారు ఎవరో.

"వరికి మైలేంది? పెంటల పుట్టి బురదల పెరుగుతది" అని గోపమ్మ ఆయన చేతికి కొడవలి ఇచ్చింది. ఆమె అంతకుమించి ఏమీ అడగలేదు. కొందరికి అడగకూడనిది తెలుస్తుంది.

డెబ్బై ఏళ్ల మనిషి, కళ్లు కనబడవు, జన్మలో కొడవలి పట్టలేదు. "అయ్యా, గట్ల పడితే వరిని గాదు, నీ ఏలును కోస్తవ్" అని ఆడవాళ్లు నవ్వారు. మొదటి గంటలోనే కోసుకున్నాడు. గోపమ్మ కొంగు చింపి కట్టింది. ఆరు రోజులు అట్లా వంగి, కూలబడి, మళ్లీ లేచి, చిన్నపిల్లలు కోసినంత కోశాడు. ఊరు నవ్వుతుందని నలభై ఏళ్లు భయపడ్డాడు కదా, నవ్వింది. రెండు రోజులు నవ్వి దానికే విసుగొచ్చి మానేసింది. దీనికోసమా ఇన్నేళ్లు ఆమెను రేపు, రేపు అన్నది అని ఆయన గట్టు మీద కూర్చుని తల కొట్టుకున్నాడు.

కూలి వడ్లు తానే దంచాడు. సగం నూకలయ్యాయి. రాళ్లేరడం రాలేదు. పదో రోజు పొద్దున తానే పొయ్యి వెలిగించి వండాడు. అన్నం అడుగంటింది, పైన పలుకుగా ఉంది. పచ్చిపులుసులో ఉప్పు వేశాడో లేదో ఆయనకే గుర్తు లేదు. ఆ గిన్నె చేత్తో పట్టుకొని వాగు ఒడ్డుకు పోతుంటే, పెళ్లయిన కొత్తలో కూడా లేనంత బెరుకు పట్టింది. ఆమె ముందు మొదటిసారి ఏదో పెడుతున్నాడు మరి.

విస్తరిలో వడ్డించి గంట కొట్టాడు. దూరం జరిగి నిలబడ్డాడు. ఎంతసేపో కాలేదు. ఒక నల్లటి మసక పైనుంచి దిగింది. విస్తరి ఆకు టపటపమంది.

"ముట్టింది! ముట్టింది!" అని యాదగిరయ్య అందరికంటే ముందు కేకవేశాడు. ఆడవాళ్లు చేతులు జోడించారు. మోత్కూరు అయ్యవారు కూడా మంచివాడే, "నిండిందయ్యా" అన్నాడు. మసక మళ్లీ పైకి లేచి కలిసిపోయింది.

రఘుపతి తడుముకుంటూ గోపమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అడవి కాకి అయితే నర్సింగమ్మ ఆ బువ్వ అందుకున్నట్టు. ఇంటి కాకి అయితే వారం రోజులు తిండిలేక తిరిగి తిరిగి గంట విని వచ్చినట్టు.

"గోపమ్మా, నాకు కండ్లు కానరావు. నువ్వు చూసినవా? ఎడమకాలు చూసినవా? ఏళ్లన్ని ఉన్నయా?"

గోపమ్మ సగం ఊపిరి సేపు ఆగింది. తర్వాత మెత్తగా అంది:

"అన్ని ఏళ్లు ఉన్నయ్ అయ్యా. గది ఏరే పిట్ట. నర్సింగమ్మ మనసు నిండింది. నేను మంచిగ చూసిన. ఇగ ఫికరు పడకు."

రఘుపతి చెయ్యి వదిలేశాడు. ఆ ఆగడం ఆయనది. ఆ మెత్తదనం ఆయనది. పన్నెండేళ్లుగా ఇంటింటికీ తాను పంచిన మాట అది. ప్రపంచంలో ఆ మాటను నమ్మలేని మనిషి ఒక్కడే ఉన్నాడు, అది తానే.

"నీ పెనిమిటికి వాలింది మా ఇంటి పిట్టనే గోపమ్మా" అన్నాడు.

"నాకు ఎర్కనే అయ్యా. అదే ఏలు లేని పిట్ట మీ గడపల నర్సింగమ్మ చేతుల బువ్వ తినంగ ఊరంత చూసింది. ఎవలకు తెల్వదు?"

"మరి నా మాట ఎట్ల నమ్మినవ్?"

"నమ్మకుంటే ఆనాడు ఇంటికెట్ల పోతుంటి?" అంది గోపమ్మ. "లే అయ్యా. నువ్వు గూడ పోవాలె గదా."

పోయాడు. ఇంకెక్కడికి పోతాడు? కర్మ భోజనాలు అయ్యాయి, యాదగిరయ్య కడుపు నిండా తిని, ఇత్తడి బిందె వైపు ఒకసారి చూసి, ఒట్టు గుర్తొచ్చి వెళ్లిపోయాడు. ఇల్లు ఖాళీ అయింది. పొయ్యి మీద పొద్దున తాను వండిన కుండలో ఇంకా గుప్పెడు అన్నం మిగిలి ఉంది. పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదు. కంచంలో పెట్టుకొని వంటింటి గడపలో, ఆమె కాకికి ముద్ద పెట్టే చోట కూర్చున్నాడు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు.

చెవులు అలవాటు ప్రకారం ఆగాయి. రోజూ బువ్వకు ముందు లోపలి నుంచి ఒక ప్రశ్న వచ్చేది. ఇవాళ రాలేదు. వచ్చినా దానికి ఏం చెప్పాలని ఆయన వంగి వంగి కోశాడో, అది చెప్పడానికి వీల్లేదని అప్పుడు తెలిసింది. ఎవరి పేరూ లేని బువ్వ తెద్దామనే వేలు కోసుకున్నాడు. పొద్దున విస్తరిలో వడ్డించిన గడియ నుంచి ఆ బియ్యానికి కూడా ఒక పేరు వచ్చేసింది.

రఘుపతి ముద్ద కంచంలో పెట్టేసి, ఎడమ చేతి కట్టు మీదుగానే చేతులు జోడించాడు.

"నీదేనే" అన్నాడు.